స్టీరింగ్ పట్టిన పాట

మిసిసిపి నది ఉత్తరాన పుట్టి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది. దాని వెంట సాగే 61వ నంబరు హైవే మీద బ్లూస్ పాట మాత్రం ఎదురెక్కింది. న్యూ ఆర్లీన్స్ నుంచి మినెసోటా దాకా దాదాపు 1,400 మైళ్ల రోడ్డు ఇది. ఉత్తరాన మినెసోటాలో పెరిగిన బాబ్ డిలన్ 1965లో తన ఆల్బమ్‌కు దీని పేరే పెట్టాడు. మనం అంతదూరం పోనక్కర్లేదు. విక్స్‌బర్గ్‌లో బయలుదేరి సెయింట్ లూయిస్ చేరేలోపే కారు పాటలోకి ఎలా ఎక్కిందో తెలిసిపోతుంది.

విక్స్‌బర్గ్ దాటి ఉత్తరానికి వెళ్తే గుట్టలు అయిపోయి నేల చదునవుతుంది. ఇదే డెల్టా, పత్తి సీమ. ఇక్కడ నల్లవాళ్లు తెల్ల భూస్వాముల పొలాలు పాలుకు చేసేవాళ్లు. రైల్లో వాళ్లకు వేరే పెట్టె, బస్సులో వెనక సీట్లు. సొంత కారెక్కితే మాత్రం ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాడు లేడు. దారిలో ఆగడం మళ్లీ వేరే సంగతి. ఏ హోటల్లో గది ఇస్తారో, ఏ బంకువాడు మర్యాదగా పెట్రోలు పోస్తాడో చెప్పలేం. ఆ తిప్పలు చూసే న్యూయార్క్ పోస్ట్‌మ్యాన్ విక్టర్ గ్రీన్ 1936లో నల్లవాళ్లను ఆదరించే చోట్ల జాబితాగా ‘గ్రీన్ బుక్’ వేయడం మొదలుపెట్టాడు.

డెల్టా కుర్రాడు రాబర్ట్ జాన్సన్ ‘టెర్రాప్లేన్ బ్లూస్’ రికార్డు చేసిందీ ఆ ఏడాదే, నవంబరులో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. 61, 49 రోడ్లు కలిసే క్లార్క్స్‌డేల్ కూడలిలో అతను సైతానుకు ఆత్మను అమ్ముకుని గిటారు నేర్చాడని కథ. నాకు ఆ కథ కన్నా ఈ పాటే విడ్డూరం. టెర్రాప్లేన్ డెట్రాయిట్‌లోని హడ్సన్ కంపెనీ 1932లో తెచ్చిన కారు. బరువు తక్కువ, పరుగు ఎక్కువ, ధర అందుబాటు. జాన్సన్ పాటలో అది మొరాయిస్తుంది. లైట్లు వెలగవు, బ్యాటరీకి చార్జింగ్ కావాలి, స్పార్క్ సరిగా పడదు. నేను లేనప్పుడు దీన్ని నడిపిందెవడని నిలదీస్తాడు. అడుగుతున్నది కారును అడ్డం పెట్టుకుని ఆడమనిషిని. మెకానిక్ మాటల్లో మగవాడి అనుమానం. తన సీట్లో ఇంకొకడు కూర్చున్నాడన్నదే అతని మంట. జాన్సన్ బతికుండగా అమ్ముడైన అతని రికార్డుల్లో ఇదే ముందుంది.

కారు మోసుకొచ్చినవన్నీ సరసాలే కావు. 1937 సెప్టెంబరులో క్లార్క్స్‌డేల్ దగ్గర, ఇదే రోడ్డు మీద, గాయని బెస్సీ స్మిత్ ప్రయాణిస్తున్న ప్యాకార్డ్ కారు రాత్రివేళ లారీని గుద్దింది. ఆమె ఊళ్లోని నల్లవాళ్ల ఆసుపత్రిలో కన్నుమూసింది. తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోలేదని చాలాకాలం చెప్పుకున్నారు. అసలు ఆమెను అక్కడికి తీసుకెళ్లనే లేదు. ఆ రోజుల్లో ఏ అంబులెన్సు డ్రైవరూ బండిని అటు తిప్పడు. ఆమె కన్నుమూసిన ఆసుపత్రి భవనం 1944లో రివర్‌సైడ్ హోటల్ అయింది. దారిలో నల్ల సంగీతకారులకు గది దొరికిన కొద్ది చోట్లలో అదొకటి.

ఇంకాస్త పైకి, మెంఫిస్‌కు ముందు, వాల్స్ అనే చిన్న ఊరు. గాయని మెంఫిస్ మిన్నీ పెరిగిందీ, సమాధి అయిందీ ఇక్కడే. 1941లో ఆమె పాడిన షోఫర్ పాటలో లెక్క తిరగబడింది. డ్రైవర్‌ను పెట్టుకునేది ఆడమనిషి. అతనికి కొత్త వి-8 ఫోర్డ్ కొనిస్తానంటుంది, షరతు ఒక్కటే: ఇంకో అమ్మాయిని ఎక్కించుకోకూడదు.

1951 మార్చిలో క్లార్క్స్‌డేల్ కుర్రాళ్లు, ఐక్ టర్నర్ బృందం, సామాను కారుకెత్తి మెంఫిస్ బయలుదేరారు. దారిలో గిటారు యాంప్లిఫైయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందని ఒకరంటారు, వానకు తడిసిందని ఇంకొకరు. అక్కడి యూనియన్ అవెన్యూ స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ చిరిగిన స్పీకర్‌లో కాగితాలు కుక్కాడు. గిటారు గరగరలాడింది. ఆ గరగర ఆయనకు నచ్చి అలాగే ఉంచేశాడు. ‘రాకెట్ 88’ పుట్టింది అలా. ఓల్డ్స్‌మొబైల్ 88 కారును 1949లో రాకెట్ ఇంజన్‌తో దించారు, పాట దాని డాబే. పాడిన జాకీ బ్రెన్‌స్టన్ గొంతులో అనుమానాల్లేవు, రిపేర్లు లేవు. ఎక్కండి, తిరిగొద్దాం అన్న ధీమా. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని చాలామంది అంటారు.

మెంఫిస్ నుంచి రోడ్డు ఆర్కన్సాలోకి దాటి, మిస్సోరీ మీదుగా సెయింట్ లూయిస్ చేరుతుంది. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసిన చక్ బెర్రీ 1955లో ‘మేబలీన్’ పాడాడు. ప్రియురాలు కాడిలాక్‌లో వెళ్లిపోతుంటే ఫోర్డ్ వి-8లో వెంటపడతాడు. ఇంజన్ వేడెక్కుతుంది, వాన పడి చల్లబడుతుంది, చివరికి అందుకుంటాడు. జాన్సన్ కారు కదల్లేదు, బెర్రీది ఖరీదైన కారునే పట్టేసింది. ఈ తేడా ఇంజన్లలో వచ్చిందే కాదు. ఈ మధ్యలో లక్షల మంది నల్లవాళ్లు పత్తి చేలు వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీలకు చేరారు. చేతికి జీతం వచ్చింది, కొందరి చేతికి కారు తాళమూ వచ్చింది.

చిన్నప్పుడు సినిమా చూద్దామని వెళ్తే, నల్లవాడివంటూ ఇదే ఊరి ఫాక్స్ థియేటర్ బెర్రీకి టికెట్టు ఇవ్వలేదు. 1986లో తన మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు అతను తన ఎర్ర కాడిలాక్ ఎల్డరాడోను తిన్నగా ఆ థియేటర్ స్టేజీ మీదికే తోలించాడు. ఆ 1973 మోడల్ కారు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. కూర్చోవడానికి సీటివ్వని హాల్లోకి తన సీటు తనే తెచ్చుకున్న మనిషి కారు కాబట్టి, దాని చోటు అక్కడే.