పౌలు అడిగిన ప్రశ్న



చాలా ఏండ్ల క్రితం ఇబ్రహీంపట్నం దగ్గర మా పల్లెలో, ఒక ఆదివారం రాత్రి, మోటారు దొంగతనం అనుమానంతో మా సంఘపు పిల్లవాణ్ణి పోలీసులు తీసుకొనిపోయారు. ఏ స్టేషనుకో చెప్పలేదు. తల్లి ఏడ్చుకుంటూ మా యింటికి వచ్చింది. అందరం మోకాళ్లూనాము. ప్రార్థన ముగించి లేచాక ఏమి చేయాలో ఒక్కరికీ తెలియలేదు. "విశ్వాసులు కోర్టుల చుట్టూ తిరగరాదు, కొరింథీ పత్రిక చూడండి" అన్నారొక పెద్దాయన. మేమూ సరేనన్నాము. ఆ సరే ఇప్పటికీ మమ్మును గుచ్చుతుంది. మూడవ నాడు పిల్లవాడు కుంటుకుంటూ వచ్చాడు. కేసు లేదు, కాగితం లేదు.

తరువాత పాస్టరుగారు హైదరాబాదు నుండి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. పేరు 'పోలీసులు అరెస్టు చేస్తే'. రాసినవారు వకీలు బొజ్జా తారకంగారు. యువజన కూటములలో దానిని చదివించాము. పట్టుకొనిపోయిన మనిషిని 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని, ఎందుకు పట్టుకున్నారో చెప్పాలని మాకు అప్పుడే తెలిసింది.

తారకంగారు 1939లో తూర్పు గోదావరి జిల్లా కందికుప్పలో పుట్టారు. నిజామాబాదులో వకాల్తా చేస్తూ అంబేద్కర్ యువజన సంఘం నడిపారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగవాడ మీద పడి చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా ఇచ్చి దళిత మహాసభ అధ్యక్షులయ్యారు. జీతమున్న కుర్చీ విడిచి జీతము లేని కుర్చీలో కూర్చున్నారన్నమాట. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపారు. ఆ కేసును వదలక పట్టుకున్నవారిలో ఆయన ఒకరు. సాక్షులు దూరం పోనక్కరలేకుండా కోర్టే ఆ ఊరికి వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అప్పటికి ఆయనకు 75 ఏండ్లు దగ్గరపడినవి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

ఆయన మన సంఘస్థుడు కాడు, అంబేద్కరు మార్గస్థుడు. అయినా పౌలును మాకు సరిగా చదివించింది ఆయన పుస్తకమే. కొరింథీయులకు రాసినది సహోదరుల మధ్య వ్యాజ్యెముల సంగతి. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో వారులతో కట్టబడిన పౌలు, విచారణ లేకుండా కొట్టుట న్యాయమేనా అని శతాధిపతిని అడిగాడు గదా! 25వ అధ్యాయములో కైసరుదాకా పోతానన్నాడు. అది అవిశ్వాసమని ఏ పెద్దా అనలేదు.

కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు ఉచితంగా వకీలును ఇచ్చే చట్టం 1995 నుండి అమలులో ఉన్నది. మనలో కొందరికి కుల ధృవపత్రం చిక్కు ఉన్నది గాని, ఈ సహాయానికి అది అడ్డు కాదు. ఇబ్రహీంపట్నం కోర్టులో అడగండి.

ఆ తల్లికి చదువు రాదు. కానీ ఆ పుస్తకం ఆమె బైబిలు సంచిలోనే ఉంటుంది. మొన్న పక్క వాడలో ఒకరిని తీసుకొనిపోతుంటే, జీపుకు అడ్డం నిలిచి "ఏ స్టేషను సారూ?" అని మొదట అడిగింది ఆమే.