ధ్రువకాంతి చేసే పని

పిల్లలూ! ధ్రువకాంతిని గురించి ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను గాని, దాన్ని కళ్ళారా చూసే యోగం నాకు కలగలేదు. అది తరచు కనిపించేది ధ్రువాల దాపున ఉండేవారికే. 2024 మే నెలలో పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు మాత్రం లడాఖ్‌లోని హన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది.

సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్కణాల ప్రవాహం భూమి అయస్కాంతశక్తిని కుదిపినప్పుడు, ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు గాలిలోకి దూసుకువస్తాయి. వాటి దెబ్బకు ఆమ్లజని పరమాణువులు నూరు కిలోమీటర్లకు పైన ఆకుపచ్చగా, 200 కిలోమీటర్లు దాటాక ఎర్రగా వెలుగుతాయి. కంటికి కనిపించే వేడుక ఇంతే. కనిపించని పని ఇంకా ఉన్నది.

ఆ దెబ్బకు నత్రజని అణువులు కూడా విడిపోతాయి. విడిపోయిన నత్రజని ఆమ్లజనితో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. తుపానుకు వేడెక్కిన గాలిని తిరిగి చల్లార్చేది ముఖ్యంగా ఈ వాయువే! నిప్పు రాజేసిన చేతితోనే నీళ్ళు చల్లినట్టన్నమాట.

ఇక వేడి సంగతి చూడండి. బురదనీళ్ళు కుండలో తేరుకుంటే మట్టి అడుగున, తేటనీరు పైన నిలుస్తాయి. నూరు కిలోమీటర్లకు పైన గాలి కూడా అలాగే తేరుకొని ఉంటుంది. బరువైన నత్రజని అణువులు కింద ఎక్కువ, తేలికైన ఆమ్లజని పరమాణువులు పైన ఎక్కువ. ధ్రువాల దగ్గర గాలి వేడెక్కి ఉబికితే, కుండ కదిపినట్టు నత్రజని పైకి వస్తుంది. నత్రజని పెరిగినచోట విద్యుత్కణాలు త్వరగా తరిగిపోతాయి. 2022 ఫిబ్రవరిలో ఇలా ఉబికిన గాలి ఒరిపిడికి, అమెరికావారు అప్పుడే పంపిన 49 ఉపగ్రహాలలో చాలావరకు కిందికి జారి కాలిపోయాయి.

"అయ్యవారూ, ఎక్కడో ధ్రువాల దగ్గర జరిగేదానితో మన చిత్తూరు సీమకేం పని?" అని మా బడి పిల్లలు అడిగేవారు. పని ఉన్నది. వేడెక్కిన ఆ గాలి భూమధ్యరేఖ వైపు వీచి, మన నెత్తిమీద కూడా వాయువుల పాళ్ళను, విద్యుత్కణాల లెక్కను మారుస్తుంది. ఆ కణాల పొరను దాటివచ్చే ఉపగ్రహ సంకేతాలతోనే నేడు మీ నాన్నగారి ఫోను దారి చూపుతున్నది.

ఆ ఎత్తులను పరిశీలించే చోటు మనకు దూరమేమీ కాదు. అది పాకాల దగ్గరి గాదంకి. 1992లో అక్కడ వెలసిన రాడార్ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధనశాల అయింది. ఆ రాడార్ 1024 ఆంటెనాలతో రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి పైగాలుల కదలికను, విద్యుత్కణాల పొరలోని అలజడిని కనిపెడుతుంది.

కాబట్టి, పెద్ద శాస్త్రమంతా దూరదేశాల వారిదేనని ఎన్నడూ అనుకోకండి. మన మామిడితోటల పక్కనే ఆకాశాన్ని చదివేవారున్నారు. రేపు వారి పక్కన మీకూ చోటున్నది.