దొర అని పెడ్దామన్నది మా అమ్మ

మా కొడుకు పుట్టి పద్దెనిమిది రోజులయింది. ఇంక మూడు రోజులల్ల తొట్టెల. పేరు మాత్రం కుదరలేదు. నా భార్య ఒక నోట్‌బుక్కుల ముప్పై పేర్లు రాసి పెట్టుకున్నది. అన్నీ రెండు మూడు అక్షరాలవి, నోటికి మెత్తగ తగిలేవి. మా అమ్మకు చదువు రాదు. ఆమె దగ్గర ఒక్కటే పేరున్నది. మీర్‌పేట్‌ల మా కిరాయి ఇంట్ల మంచం మీద కూసొని, మనుమని అరికాళ్లకు నూనె రాస్తూ చెప్పింది.

"దొర అని పెట్టుండ్రి."

నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు.

"నవ్వుడెందుకు కొడుకా? వీణ్ణి పిలువాల్నంటే ఎవ్వడైనా దొరా అనే పిలువాలె. రెడ్డయినా, రావయినా, బడిల పంతులయినా. వాళ్లకు ఇంకో తొవ్వ ఉండొద్దు. మీ నాయిన పేరును ఇరిసినట్టు ఈ పేరును ఇరువనీకి రాదు."

అమ్మ మా నాయిన పేరు నోటితోని అనదు. మొగని పేరు పలుకుతె ఆయుష్షు తగ్గుతదని ఆ తరం నమ్మకం. నాయిన పోయి ఆరేండ్లయినా ఆమెకు ఆ అలవాటు పోలేదు.

నాయిన పేరు మల్లయ్య. ఆ పేరును నిండుగా నేను మొదటిసారి చూసింది నా పదో తరగతి మెమో మీద. అప్పటిదాకా ఊర్ల ఆయన మల్లిగాడు. మా ఊరు యాచారం దిక్కు. నాయిన దొర ఇంటికి చెప్పులు కుట్టిచ్చేది, గొడ్డు చస్తే మోసేది. దొర మనుమడు ఇంక పాలపండ్లు ఊడని పిలగాడు. "ఒరేయ్ మల్లిగా, ఇటు రా" అని పిలిచేది. నాయిన "వస్తున్న చిన్నదొరా" అని ఉరికేది. వానికీ నాకూ ఒకటే ఈడు. ఇంటికొచ్చినంక నాయిన నా మొఖం చూసేది కాదు, నేను నాయిన మొఖం చూసేది కాదు.

పటేల్ పట్వారీ వ్యవస్థను 1984ల రద్దు చేసిన్రు. నేను పుట్టింది ఆ తర్వాతనే. కాగితం మీద పోయిన పటేలు మా ఊరి నోట్లె మాత్రం ఇంక చాలా ఏండ్లు బతికిండు. ఉద్యోగాన్ని ఊడబీకొచ్చు గాని, నాలుకకు పడ్డ అలవాటును ఏ జీవో ఊడబీకుతది?

మనుధర్మశాస్త్రం రెండో అధ్యాయంల పేర్లు ఎట్ల పెట్టాల్నో రాసి ఉన్నది. బ్రాహ్మణుని పేరు మంగళంగా, క్షత్రియునిది బలంగా, వైశ్యునిది ధనంతోని, శూద్రునిది నీచంగా ఉండాల్నట. అక్కడికి ఆ లెక్క అయిపోయింది. ఊరి బయటి మాకు పేరెట్ల ఉండాల్నో రాసే అవసరమే వాళ్లకు కనబడలేదు. బీఈడీ చదివేటప్పుడు లైబ్రరీల ఇది చదివి పుస్తకం మూసేసిన. మా నాయిన పేరుకు తోక ఎవరు కోసిన్రో ఆ రోజు తెలిసింది.

అమ్మ ఆలోచన కొత్తదేం కాదు. ఈ హైదరాబాద్‌లనే ఒకాయన నూరేండ్ల కిందట ఆ పని చేసిండు. 1888ల పుట్టిన మాదరి భాగయ్య. వాళ్ల ఇంటి గురువు ఆయన పేరుకు రెడ్డి అని చేర్చిండట. రెడ్డి అంటే ఏలేవాడు, ఈ నేలను మొదట ఏలింది మీరేనని దాని అర్థం. 1913ల ఆర్యసమాజం వాళ్లు వర్మ అన్న బిరుదిచ్చిన్రు. భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయిండు. ఆయన తన ఒక్కని పేరుతోని ఆగలేదు. 1917ల బెజవాడల పంచమ మహాసభకు అధ్యక్షునిగ పోయి, మేం పంచములం కాదు ఆది ఆంధ్రులం అన్నడు. ఆ సభ పేరే మారిపోయింది. ఇక్కడ నిజాం రాజ్యంల ఆది హిందువులని 1931 జనాభా లెక్కల రాయించిండు. పిల్లలకు బడులు పెట్టిండు. ఒక పేరు మారుస్తే ఎంత దూరం పోవచ్చో ఆయన చూపించిండు.

మా బడిల ఒక సారుకు ఈ సంగతి చెప్తే ఆయన దాన్ని వేరే తీరుగ తీసుకున్నడు. "మంచిదే కదా, వెనుక వర్మనో చౌదరినో తగిలియ్యి. సిటీల ఎవడు చూడొచ్చిండు? ఇల్లు కిరాయికి సులువుగ దొరుకుతది" అన్నడు. ఆయన మాట ఉత్తదేం కాదు. మీర్‌పేట్, జిల్లెలగూడ, బాలాపూర్ దిక్కు నేను ఇల్లు వెతికినప్పుడు ముందు జీతం అడిగేది, తర్వాత "మీరేమిట్లు?" అనేది. జీతం విని తెరిచిన తలుపు ఆ రెండో జవాబు విని మూసుకునేది. కాని భాగ్యరెడ్డి వర్మ దాక్కునేందుకు ఆ పేరు పెట్టుకోలేదు. ఎదురుంగ నిలబడేందుకు పెట్టుకున్నడు. ఆ సారు చెప్పింది దాక్కునే పేరు.

ఇంకో తొవ్వ కూడ మా వాళ్లే వేసిన్రు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోరా మొదలైంది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నడు. రెడ్డి, శర్మ ఉండే జాగల మాదిగ వచ్చి కూసున్నది. తిట్టు బిరుదైంది. మా నాయినను కుంగదీసిన మాటే వేలమంది పేర్ల చివర తలెత్తుకున్నది.

నా భార్య ఇవన్నీ విన్నది. పిల్లగాన్ని ఒళ్లె పండబెట్టుకొని అన్నది.

"అత్తమ్మ బాధ నాకెరికే. గాని దొర అంటే ఒకడు పైన ఉండుడు. పైన ఉండాల్నంటే కింద ఎవరన్న ఉండాలె. మనోని కింద ఎవర్ని పండబెడ్తవ్?"

నేను జవాబు చెప్పలేదు. నాకు ఒక సంగతి యాదికొచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కొలువుల చేరిన కొత్తల, లెక్క తప్పు చేసిన ఒక పిలగాణ్ణి "ఒరేయ్ యాదిగా" అని కేకేసిన. హాజరు పట్టీల వాని పేరు యాదయ్య. మా వాడసొంటి వాడకెల్లే వచ్చిండు. వాడు తల వంచుకొని లేచి నిలబడ్డడు. అచ్చం మా నాయిన నిలబడ్డట్టే నిలబడ్డడు. మా ఊరి దొర నా నోట్లెకెల్లి మాట్లాడిండు. దొర కావాల్నంటే దొర అని పేరే ఉండక్కర్లేదు.

తెల్లారి అమ్మ పిల్లగానికి నీళ్లు పోసి, గుడ్డల చుట్టి, ఆ పేరుతోని పిలిచి చూసింది.

"దొరా... ఓ దొరా..."

గొంతు కిందికి పోయింది. ముద్దు చేసే గొంతు కాదది. గడీ ముందల నిలబడి పిలిచే గొంతు. అమ్మ కూడ విన్నది. ఇంకోసారి పిలువబోయి ఆగింది.

"వద్దు బిడ్డా" అన్నది కోడలి దిక్కు చూసి. "ఆ మాట నోట్లెకొస్తె నా నడుము వంగుతున్నది. మనుమని ముందల వంగనీకి మనసొప్పుతలేదు."

అప్పుడు నా భార్య నోట్‌బుక్కు తీసి ముప్పై పేర్ల కింద ఒకటి రాసి నాకిచ్చింది. మల్లయ్య. పేరు మీద చూపు ఆగింది. అయ్య అంటే ఏంది? పెద్దవాణ్ణి పిలిచే మాట, గౌరవం. మా తాతలు పిల్లలకు పేరు పెట్టినప్పుడే బిరుదు కలిపే పెట్టిన్రు. కోసుకపోయింది వాళ్లు. మనకు కొత్త బిరుదెందుకు, మన సొమ్ము మనం తెచ్చుకుంటే అయిపాయె.

పేరు చదివి వినిపిస్తే అమ్మ భయపడ్డది. "మళ్ల ఇరుస్తరు కొడుకా."

"ఇరిస్తె అడుగుత" అన్న. ఆ మాట వాళ్లకే కాదు, నాకు నేను కూడ చెప్పుకున్న. ఇప్పుడు నా తరగతిల ఏ పేరూ తెగదు. యాదయ్య యాదయ్యే, లక్ష్మమ్మ లక్ష్మమ్మే.

పుట్టిన సర్టిఫికెట్ల పేరెక్కించే కాగితం నింపేటప్పుడు కంప్యూటర్ ముందలి పిలగాడు తల గోక్కున్నడు. "ఇప్పుడు ఈ పేరెవరు పెడ్తున్నరు సార్? మల్లికార్జున్ అని కొట్టన్నా?"

"వద్దు తమ్మీ. మల్లయ్య. యకు యవత్తు ఉండాలె, చూస్కో."

ఇరవై ఒకటో నాడు తొట్టెల వేసినం. పేరు చెవుల చెప్పాల్సింది నాయినమ్మ. అమ్మ తొట్టెల మీదికి వంగి చానసేపు ఊకున్నది. ముందు "అయ్యా" అన్నది. ఆ తర్వాత చుట్టాలందరు వినంగ, నలభై ఏండ్ల కాపురంల ఒక్కనాడు అనని పేరును నిండుగ పిలిచింది.

"మల్లయ్యా!"