ఇంటిపేరుంది, ఇల్లే దొరకలేదు

మా నాన్నగారికి గుండెలో స్టెంటు వేసి రెండేళ్ళయింది. అప్పటి కాగితాలన్నీ స్కాన్ చేసి తెనాలిలో మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో దాచాను. దానికి లినక్స్ ఎక్కించి, బల్ల కింద పెట్టి, బెంగుళూరు నుంచే వాడుకుంటుంటాను. క్లౌడ్‌లో పెట్టుకోవచ్చుగా అంటారేమో.. మనింటి కాగితాలు మనింట్లోనే ఉండాలని నాదో చాదస్తం లెండి.

ఇంటి ఇంటర్నెట్‌కి ఐపీ అడ్రసు నిలకడగా ఉండదని తెలిసిందే. రౌటరు ఆపి వేస్తే చాలు, కొత్త నంబరు రావచ్చు. అందుకే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకున్నా. ఐదు నిమిషాలకోసారి ఇంట్లో కంప్యూటరు "ఇప్పుడు నా నంబరిదీ" అని ఓ సర్వీసుకి చెప్తుంది. నేను నంబరు గుర్తుపెట్టుకోకుండా పేరుతో వెళ్తా. రౌటర్లో ఓ పోర్టు తెరిచి ఉంచా. ఏడాది పాటు దివ్యంగా పనిచేసింది.

మొన్నామధ్య నాన్నగారికి మళ్ళీ ఛాతీలో నొప్పొచ్చింది. బాబాయి గుంటూరు తీసుకెళ్ళాడు. డాక్టరుగారు పాత యాంజియోగ్రామ్ రిపోర్టు అడిగారట. అసలు కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. "రెండు నిమిషాలు బాబాయ్" అని హీరోలా లాప్‌టాప్ తెరిచా. కనెక్షన్ టైమవుట్!

కరెంటుంది, కంప్యూటరు లైటు వెలుగుతోందని అమ్మ చెప్తోంది. పేరు కూడా తాజా నంబరే చూపిస్తోంది. మరెందుకు రావట్లేదు? అమ్మ ఫోన్లోనే రౌటరు పేజీ తెరిపించి వాన్ ఐపీ చదవమన్నా. "వంద, చుక్క, డెబ్బై రెండు, చుక్క.." అంది. అప్పుడు వెలిగింది నాకు.

ఐపీవీ4లో ఉన్న అడ్రసులు మొత్తం 429 కోట్లు. ప్రపంచం మొత్తానికీ పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయిపోయింది. అందుకని కంపెనీలు చాలా ఇళ్ళని ఒకే అడ్రసు వెనక పెడుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లని 2012లో ఇందుకోసమే కేటాయించారు. అపార్ట్‌మెంట్ అనుకోండి. లోపలున్నవాళ్ళు బయటికి వెళ్ళి రావచ్చు. కానీ కొత్త మనిషి గేటు దగ్గరికొస్తే ఏ ఫ్లాటుకి పంపాలో వాచ్‌మన్‌కి తెలీదు. మా కంపెనీవాళ్ళు చెప్పాపెట్టకుండా మమ్మల్ని అపార్ట్‌మెంట్‌లోకి మార్చేశారు. నా డైనమిక్ డీఎన్ఎస్ పాపం నమ్మకంగా గేటు అడ్రసే చెప్తోంది!

బయటివాడు లోపలికి రాలేనప్పుడు లోపలివాడే బయటికి రావాలి. నాకో అద్దె సర్వరుంది, దాని కీ ఇంటి కంప్యూటర్లో ఎప్పుడో పెట్టి ఉంచా. ఇక అమ్మని నల్ల తెర ముందు కూర్చోబెట్టా.

"పాస్‌వర్డు కొట్టమ్మా."

"కొడుతున్నా, ఏమీ పడట్లేదురా."

"పడదమ్మా, కొట్టేసి ఎంటర్ నొక్కు."

ఆ తర్వాత రివర్స్ ఎస్ఎస్‌హెచ్ కమాండు, ఒక్కొక్క అక్షరం. "ఆర్ పెద్దదా చిన్నదా?", "రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కడుంటాయి?".. ఇరవై నిమిషాలు! అటునుంచి బాబాయి ఫోన్లు. చివరికి లోపలికి వెళ్ళా, రిపోర్టు పంపా. నాన్నగారు మూడోరోజు ఇంటికొచ్చేశారు.

ఇప్పుడు టెయిల్‌స్కేల్ పెట్టుకున్నా. వైర్‌గార్డ్ మీద నడుస్తుంది, ఇంటి కంప్యూటరే బయటికి కనెక్షన్ తెరుచుకుంటుంది కాబట్టి సీజీనాట్ ఉన్నా ఇబ్బంది లేదు. రౌటర్లో పోర్టు మూసేశా. విండోస్ వాడేవాళ్ళు కూడా దయచేసి 3389 పోర్టుని ప్రపంచానికి తెరిచి కూర్చోకండి. మీ వాన్ ఐపీ, బయటి సైట్లు చూపించే ఐపీ ఒకటేనా కాదా ఇవాళే చూసుకోండి. అవసరం లేనప్పుడే, బయటినుంచి నెలకోసారి లోపలికి వెళ్ళి చూడండి. నేను చెయ్యనిది అదే.

మొన్న ఇంటికెళ్తే అమ్మ ఆ రిపోర్టు ప్రింటు తీయించి బీరువాలో చీరల కింద పెట్టింది. నేనేమీ అనలేదు. ఇంకో కాపీ తీయించి బాబాయికి ఇచ్చొచ్చా.