పేట నుంచి దండుకు

మాది పేట. మా తాతగారి కాలం నుంచీ బెంగుళూరులోనే ఉంటున్నా, మా ఇంట్లో ఎవరైనా "దండుకు వెళ్ళివస్తాను" అంటే పరదేశ ప్రయాణమన్నట్టే చూసేవారు. నేను కూడా కచేరీకి వెళ్ళడం, ఇంటికి రావడం తప్ప ఆ వైపు పెద్దగా తిరిగినదాన్ని కాను. అటువంటిదాన్ని ఆమధ్య ఒక ఆదివారంనాడు దండుకు బయలుదేరవలసి వచ్చింది. కారణం చెబుతాను.

మా పెద్దమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు చదువుకున్నవాడు, ఒక్కడే కొడుకు, సొంత ఇల్లు. పెళ్ళిచూపులు జరిగాయి. వారు సరేనన్నారు, మా అమ్మాయి వద్దన్నది. ఎందుకని అడిగితే, "అరగంటసేపు తన ఉద్యోగం గురించీ, తన కారు గురించీ చెప్పారమ్మా. నన్ను ఒక్క మాట అడగలేదు," అన్నది. మా బావగారికి కోపం వచ్చింది. "ఇదంతా ఆ ఇంగ్లీషు ప్రేమ నవలల మహిమ. ముందు వాటిని ఇంట్లోనుంచి తీసెయ్యండి," అన్నారు. మావారు ఏమీ మాట్లాడలేదు.

నేను చదివింది ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. కాని ఇరవై యేళ్ళుగా గుమాస్తాపని చేస్తున్నాను. కాగితం చదవకుండా దానిమీద నోటు రాయకూడదని మొదటి రోజే నేర్పారు. అందుచేత అమ్మాయితో, "ఆ పుస్తకాలు ఎక్కడ కొంటావో నాకూ చూపించు," అన్నాను.

చిక్కపేటలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో బండి మారి, మహాత్మాగాంధీ రోడ్డులో దిగాము. పూర్వం ఈ రోడ్డు పేరు సౌత్ పెరేడ్. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత, అక్కడి గాలీ నీరూ సైన్యానికి పడక, ఇంగ్లీషువారు 1809లో దండును ఇక్కడ నెలకొల్పారు. రోడ్డు పడమటి కొసన సెయింట్ మార్క్స్ చర్చి ఉన్నది. దాన్ని 1808లో మొదలుపెట్టి 1812లో పూర్తి చేశారు. 1923లో కాలిపోగా మళ్ళీ కట్టారు. దాని ముందు నిలబడి అమ్మాయి, "అమ్మా, ఈ చర్చి కట్టిన రోజులే నా పుస్తకాల్లో రోజులు," అన్నది.

అప్పుడు ఆ సంగతి విడమరచి చెప్పింది. ఇంగ్లాండులో మూడవ జార్జి రాజుకు మతి చలించగా, 1811 నుంచి 1820 వరకు ఆయన కుమారుడు రాజప్రతినిధిగా ఏలాడు. ఆ కాలాన్నే రీజెన్సీ అంటారు. జేన్ ఆస్టిన్ నవలలు వెలువడినది అప్పుడే. "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" 1813లో వచ్చింది. ఆమె బతికి ఉండగా ఏ పుస్తకం మీదా ఆమె పేరు వేయలేదు. 1817లో, నలభై ఒకటవ యేట పోయింది. నూరేళ్ళు దాటిన తరువాత జార్జెట్ హేయర్ అనే రచయిత్రి అదే కాలాన్ని తీసుకుని 1935లో "రీజెన్సీ బక్" రాసింది. అక్కడినుంచి ఈ తరహా నవలలకు అంతులేదు. జూలియా క్విన్ 2000లో మొదలుపెట్టిన బ్రిడ్జర్టన్ నవలలు 2020 నుంచి ఇంటింటి తెరమీదికీ వచ్చాయి. మహేశ్ రావు అనే రచయిత ఆస్టిన్ "ఎమ్మా"ను ఢిల్లీ సంపన్నుల ఇళ్ళలోకి తెచ్చి 2018లో "పొలైట్ సొసైటీ" రాశాడు. మనం 2000లో చూసిన "ప్రియురాలు పిలిచింది" సినిమా కూడా ఆస్టిన్ కథేనట. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు!

చర్చికి దగ్గరలోనే చర్చి స్ట్రీటు. రాళ్ళు పరచిన వీధి, కాఫీ హోటళ్ళు, పుస్తకాల అంగళ్ళు. బ్లాసమ్‌లో నేల నుంచి కప్పు వరకు పుస్తకాలే; కొత్తవీ, ఎవరో చదివి ఇచ్చినవీ కలిసి ఉంటాయి. నాకంటె పదేళ్ళు పెద్దావిడ ఒకరు ముక్కాలిపీట మీద కూర్చుని ఐదారు హేయర్ నవలలు ఒళ్ళో పెట్టుకుని ఏరుకుంటున్నారు. ఆవిడను చూసి నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" బైండు ప్రతిని బియ్యపు డబ్బా వెనుక దాచుకుని చదివేది. అప్పుడు మా తాతగారు అన్న మాటే ఇప్పుడు మా బావగారు అన్నారు.

నేను హేయర్ 1961లో రాసిన "ఎ సివిల్ కాంట్రాక్ట్" తెచ్చుకున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, తెలియనిచోట అమ్మాయిని అడిగి, మూడు వారాల్లో పూర్తి చేశాను. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన ఒక ప్రభువు, తండ్రి చేసిన అప్పులు తీర్చడానికి ఒక ధనిక వర్తకుని కుమార్తెను పెళ్ళాడతాడు. అతని మనసు ఇంకొక అమ్మాయి మీద ఉన్నది. ఆ సంగతి పెళ్ళికూతురికీ తెలుసు. మామగారు డబ్బుతోపాటు పెత్తనమూ తెస్తాడు. ఇది మనకు తెలియని కథా? మన ఇళ్ళలో కట్నం మాటలు జరిగే గది తలుపు తెరిచి చూసినట్టే ఉన్నది. రోజూ కలిసి బతకగా బతకగా వారిద్దరి మధ్య నెమ్మదైన ఆప్యాయత పుడుతుంది. చివరి పేజీలు చదువుతూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఈ నవలల్లో లోపం లేదని అనను. ఆ విందులకూ పట్టుబట్టలకూ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అవి అంతగా చెప్పవు. మన దేశం నుంచీ, బానిసల చెరకు తోటల నుంచీ కూడా వచ్చింది కదా! ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా, తండ్రి లేని పిల్ల, కట్నం లేక 1752లో ఓడ ఎక్కి మద్రాసు వచ్చి, మరుసటి యేడు కడలూరులో తనకంటె పెద్దవాడైన ఒక వైద్యుణ్ణి పెళ్ళాడింది. పెళ్ళికోసం సముద్రం దాటి మన తీరానికి వచ్చిన పిల్ల!

ఆస్టిన్‌కూ ఒక సంబంధం వచ్చింది. 1802 డిసెంబరులో పెద్ద ఎస్టేటుకు వారసుడైన ఒక యువకుడు అడిగితే సరేనన్నది. తెల్లవారి లేచి, వద్దన్నది. ఆమె చేతిలో అప్పుడు డబ్బు లేదు, అచ్చయిన పుస్తకమూ లేదు. ఇక పెళ్ళి చేసుకోనే లేదు. ఆమె రాసిన ఎలిజబెత్, తమ ఇల్లు వారసత్వంగా పొందబోయే బంధువును కాదంటుంది. ఆ ఎలిజబెత్ స్నేహితురాలు, ఇరవైయేడేళ్ళ షార్లెట్, అతన్నే చేసుకుంటుంది. నేను ఇద్దరినీ తప్పుపట్టలేను.

నాకు పందొమ్మిదవ యేట పెళ్ళి అయింది. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే సరేననేదాన్నే, మావారు మంచివారు. అయినా అడగలేదన్న మాట ఇన్నేళ్ళయినా మనసులో ఒక మూల ఉండిపోయింది. అమ్మాయి వద్దన్న రోజున నాకు కోపమే రాకపోవడానికి కారణం అదేనని ఆ పుస్తకం మూసిన రాత్రి తెలిసింది.

తరువాతి ఆదివారం బావగారు వచ్చారు. "పుస్తకాలు తీసేశారా?" అన్నారు.

"చదివాను బావగారూ. పిల్లను చెడగొట్టేది అందులో ఏమీ లేదు. పిల్లను ఒక మాట అడగమని మాత్రం ఉన్నది," అన్నాను. ఆయనకు ఎదురుగా నేను అంత మాట అనడం అదే మొదలు. ఆయన కాఫీ తాగి, పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేమిటి, సివిల్ కాంట్రాక్టర్ల సంగతా?" అన్నారు. మావారు నవ్వేశారు. ఆపైన, "మీ మరదలు చెప్పింది నిజమే," అన్నట్టు బావగారి వైపు చూస్తూ, "ఈసారి అమ్మాయిని ముందే అడుగుదామన్నయ్యా," అన్నారు.

ఇప్పుడు ఇంకొక సంబంధం వచ్చింది. ముందుగా పిల్లలిద్దరూ ఒక పూట మాట్లాడుకోవాలని వారికి కబురు చేశాము. జవాబు ఇంకా రాలేదు. ఎక్కడ కలుసుకుంటావని అమ్మాయిని అడిగితే, "చర్చి స్ట్రీటులో, పుస్తకాల అంగడిలో," అన్నది.