జైలు లెక్క ఉంటదంటరు

“నిలువు పైపులేస్తనంటే జైలు లెక్క ఉంటది, వద్దంటరు. అడ్డం పైపులేసుడంటే పోరగాండ్లకు నిచ్చెన చేసిచ్చినట్టే గదరా!”

ఈ మాట నాతో అన్నది కాదు. కాజీపేటలో దర్గా వైపు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో వెల్డింగ్ చేసే పెద్దాయన, పని నేర్చుకుంటున్న కుర్రాడి ముందు తన విసుగు వెళ్లబోసుకుంటున్నాడు. అందరూ ఆయన్ని చాచా అంటారు. ఎవరో ఫోన్లో ఫొటో చూపించి మెట్లకు అచ్చం అలాంటి స్టీలు రెయిలింగే కావాలన్నారట. మెరిసే గొట్టాలు మూడు, మూడూ అడ్డంగానే.

మా చెల్లెలి ఇంట్లో ఉన్నదీ అదే. నన్ను చాచా దగ్గరికి తరిమిందీ ఆవిడే. మనవడికి తొమ్మిదో నెల. బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు పంచిన ఇంట్లో, పారాడటం మొదలయ్యేసరికి అందరికీ గుండె దడ పట్టుకుంది. కింది వాటా ఎన్‌ఐటీలో చదివే పిల్లలకు కిరాయికిచ్చి వీళ్లు పైన ఉంటారు. హాలు తలుపు తీస్తే ఎదురుగా మెట్లే.

పెట్టెలో వచ్చే గేటు ముందే ఒకటి తెప్పించారు. మేకు కొట్టక్కర్లేదు, మరలు తిప్పితే రెండు పక్కలా అదుముకుని నిలబడుతుంది. ఇక్కడ ఒక పక్క గోడ, రెండో పక్క నున్నటి గుండ్రటి స్టీలు స్తంభం. అదుముకోవడానికి చోటేది? పైగా అలాంటి గేట్లకు కింద ఒక అడ్డపట్టీ ఉంటుంది. పిల్లాణ్ని ఎత్తుకుని మెట్ల అంచున దాన్ని తట్టుకుంటే ఇద్దరూ కిందే. మెట్ల పైభాగాన గోడకు మరలతో బిగించే గేటే పెట్టాలని, అది మెట్ల మీదికి కాకుండా ఇంటి వైపే తెరుచుకోవాలని ఈ సంగతి తెలిసినవాళ్లంతా చెబుతారు. మనదాకా పెట్టె వస్తుంది, ఆ ముక్క రాదు.

అలాంటి గేటు చేయించడానికి నేను కాగితం మీద రాసుకొచ్చిన కొలతలను చాచా చూడనైనా చూడలేదు. స్వయంగా ఇంటికొచ్చి గోడకు పైనొక కొలత, నడుమనొకటి, కిందొకటి తీశాడు. పైకీ కిందికీ అరంగుళం తేడా వచ్చింది. “గోడ గోడలెక్క లేదమ్మా” అన్నాడు. అడగకుండానే మెట్లు కూడా కొలిచాడు. మొదటిది ఆరంగుళాలు, చివరిది ఎనిమిది. మెట్లు పోసిన తర్వాత ఎప్పుడో కిందా పైనా నేలకు గ్రానైట్ పరుస్తారు, ఆ మందం లెక్క ఎవరూ ముందు వేసుకోరు. దాంతో కింది మెట్టు కురచవుతుంది, పైది లేస్తుంది. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది. వాస్తు కోసం మెట్ల దిక్కు మార్చిన మేస్త్రీలను చూశాను గానీ, ఈ ముక్క కోసం టేపు తీసినవాణ్ని చూడలేదు.

షెడ్డులో ఆయన చేతుల్ని చూస్తూ కూర్చున్నాను. రెండంగుళాల చెక్కదిమ్మ ఒకటి ఉంది, అంచులు కాలి నల్లబడ్డాయి. పైపు నిలబెట్టి, దిమ్మ ఆనించి, దాని పక్కన రెండో పైపు నిలబెట్టి, మూలమట్టంతో చూసి, ఒక్క చుక్క వెల్డింగ్ తగిలిస్తాడు. దిమ్మ లాగి మళ్లీ పక్కకు. టేపు జోలికే పోడు. సందు ఎంతుండాలని అడిగితే పిడికిలి చూపించాడు. “ఇది పట్టొద్దు. పిల్లలకు కాళ్లు ముందు పోతయి, తల ఆడనే ఆగుతది.” యూరప్ ప్రమాణంలో ఈ సందు 45 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చాచా దిమ్మ 50. అమెరికాలో ఒకప్పుడు వంకీల్లా మడతపడే చెక్క గేట్లు అమ్మేవారు. వాటి సందుల్లో తలలు ఇరుక్కుని పిల్లలు చనిపోయాకే, 1985లో ఆ రకం తయారీ ఆగింది.

అతుకుల మీది నల్లటి పెచ్చు సుత్తితో రాల్చి, గ్రైండర్ పట్టి, ఆపైన ఆకురాయితో రుద్దాడు. గరుకుందా లేదా అని చూసింది మాత్రం అరచేత్తో కాదు, మణికట్టు లోపలి భాగంతో. “అరచెయ్యి మొద్దువారింది, దానికేం తెల్వది.” గడియ పైకెత్తి పక్కకు లాగేలా పెట్టాడు. పిల్లాడికి ఆ రెండు పనులూ కలిపి చేయడం రాదు, చంకలో పిల్లాడున్న తల్లికి ఒక్క చేత్తో అయిపోతుంది.

రంగు దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఏ కంపెనీదో రాసిలేని డబ్బా తీశాడు. పళ్లొచ్చే పిల్లాడు గేటు పట్టుకు నిలబడి మొదట చేసే పని పైకమ్మీ కొరకడం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కర్మాగారాల్లో వాడే రంగులు దాని కిందికి రావు. ఆ డబ్బాలో ఏముందో చాచాకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. “ఇనుము నాది, రంగు మీ ఇష్టం” అన్నాడు. పక్క బజారుకు పోయి, సీసం కలపలేదని రాసి ఉన్న డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

కాజీపేటలో ఇనుము తెలిసిన చేతులకు ఎప్పుడూ కొదవ లేదు. రైలింజన్ల డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు ఉన్న ఊరు. వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ 80ల్లో కపుర్తలాకు పోయింది. 2023 జులైలో ప్రధాని వచ్చి వ్యాగన్ల తయారీ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ కుర్రాడి కళ్లన్నీ అటే. తప్పేముంది, జీతం వస్తుంది. కానీ వ్యాగన్ కొలతలు కాగితం మీద ఉంటాయి, చాచా దిమ్మ కొలత ఎక్కడా రాసిలేదు. ఆయనకు తెలిసింది ఇంకో షెడ్డుకు చేరే దారి లేదు. పక్క షెడ్డులో ఐదంగుళాల సందుతో వేసిన గేటు ఎండలో ఆరుతోంది, అదీ పిల్లలున్న ఇంటికే. కార్పొరేషన్‌లో ఇంటి ప్లాను పాస్ చేసేటప్పుడు చుట్టూ వదిలే ఖాళీ స్థలం అడుగుతారు, రెయిలింగు నిలువా అడ్డమా అని అడిగినట్టు నేనెన్నడూ వినలేదు. దొంగ రాకుండా కిటికీ కిటికీకీ గ్రిల్లు బిగించుకుంటున్నప్పుడు ఎవరికీ జైలు గుర్తురాదు. ఇంట్లోపలి పిల్లాడి కోసం నాలుగు నిలువు పైపులంటేనే అందం చెడిపోతుంది.

రెండేళ్లు దాటితే పిల్లాడు గేటెక్కడం నేర్చుకుంటాడు, అప్పుడు తీసేయడమే మంచిది. అందుకే మడతబందులు ఎత్తితే ఊడివచ్చేలా పెట్టాడు. ఆ తర్వాత ఎవరికైనా ఇవ్వచ్చు గదా అన్నాను.

“ఎవరికిస్తవమ్మా? ఈ మెట్లకు ఆ మెట్లు కలుస్తయా? మల్ల నా దగ్గరికే రావాలె” అంటూ ఫొటో ఇచ్చినాయన రెయిలింగుకు అడ్డం గొట్టాలు కోయడం మొదలుపెట్టాడు.