ముసలి జీనియాలు

1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుదారి పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వాళ్ళకు ఇటు ఛత్తీస్‌గఢ్ వైపు రావడం సులువైంది. నేను వెళ్ళిన మేడ కూడా అలా వచ్చిన ఒక రైల్వే కుటుంబానిదే. ఆ ఇంటి పిన్నిగారు వానాకాలంలో జీనియాలు పెంచి, భాద్రపదంలో వాటి బొమ్మలు వేస్తారు.

"నేలలో వేస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి బాబూ. ఇక్కడిది కన్హార్, నీళ్ళు వదలదు" అన్నారు. ఛత్తీస్‌గఢ్ రైతులు నల్లరేగడిని కన్హార్ అంటారు, పసుపు రంగు తేలిక నేలను మటాసీ అంటారు. ఆవిడ కుండీల్లో ఉన్నది మటాసీ, ఇసుక, పశువుల ఎరువు. జూన్ చివర్లో నేరుగా కుండీలోనే విత్తుతారు. పీకి నాటితే జీనియాకు కిట్టదు. వారంలోపే మొలక, రెండు నెలలకు పువ్వు. అడుగు ఆకులకు బూడిద తెగులు పట్టింది. బొమ్మలో ఆ బూడిద కూడా ఉంది!

కొత్తగా విచ్చినవాటి దగ్గర ఆగబోయాను. "అవి దేవుడికి. నాకు ముసలివి కావాలి." జీనియాలో మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక చిన్న పువ్వే, దాని అడుగున గింజ కడుతుంది. నడిమి బుడిపె మీద పసుపు నక్షత్రాలు బయటి వరసతో మొదలై లోపలికి విచ్చుకుంటూ పోతాయి, బుడిపె లేస్తుంది, రేకులు రాలకుండా మొక్క మీదే రంగు దిగి ఎండుతాయి. ఈ మెక్సికో పువ్వుకు ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ వైద్యుడు జిన్, 1755లో కంటి నిర్మాణం మీద పుస్తకం రాసినవాడు. పిన్నిగారికి ఈ సంగతి చెబితే తెగ నవ్వారు.

బొమ్మలో ముందు లేత పసుపు, అది ఆరాక మెజెంటా. ఈ తేమలో కాగితం ఓ పట్టాన ఆరదు. ఫ్యాన్ కింద పెట్టి వంట చూసుకుని వస్తారు. ఓపెరా పింక్ మాత్రం ముట్టరు, వెలుతురుకు పాలిపోతుందని. వాడే పువ్వుకు అదే సరైన రంగు కదా అన్నాను. "పువ్వు వాడితే గింజలిస్తుంది. రంగు వాడితే ఏమిస్తుందీ?"

నన్నడిగితే పూలకన్నా ఆకులే బాగా కుదిరాయి: తొడిమ లేకుండా కాండాన్ని ఎదురెదురుగా పట్టుకున్న గరుకాకులు. ఆ గరుకు కోసం కుంచెను దాదాపు పొడిగా లాగుతారు.

ఎండిన తలలు పాత పేపర్లో ఆరబోసి ఉన్నాయి. ముద్దపూల గింజ వేస్తే కొన్ని ఒంటిరేకువి వస్తాయి గదా, ప్యాకెట్లు కొనుక్కోవచ్చుగా అన్నాను.

"ఒంటిరేకు వాటిలోనే చుక్కలు కనబడేది. ముద్దవాటిలో నేను గీయడానికేముంది?" అన్నారు.